ఆకుపచ్చ పాలు

...అయినా ప్రశ్న పాలు పచ్చగా ఎందుకున్నాయన్నది కాదు, సీసా తన జేబులోకి ఎలా వచ్చిందన్నది. పాలు పచ్చగా ఉండటంలో వింతేమీ లేదు. డిసెంబరు నెలలో ఈ ఊళ్లో సగం ఇళ్లలో ఏదో ఒక పొద్దున పాలు పచ్చగానో ఎర్రగానో మారతాయి, పిల్లలు గోల చేస్తారు, పెద్దవాళ్లు ఏమీ ఎరగనట్టు మొహాలు పెడతారు. కానీ రంగు సీసా పెద్దవాళ్లకి తెలిసిన చోటే ఉంటుంది కదా. విబెకె ఊలు కోటు జేబులో చెయ్యి పెట్టి ఆ చిన్న సీసాను మళ్లీ తడిమింది. మూత సరిగ్గా బిగించలేదు. వేలికొనకి జిగురు తగిలింది. చెయ్యి బయటికి తీసి చూసుకోవలసిన పని లేదు.

"నిస్సె పాలల్లో ఉమ్మేశాడు," అన్నాడు విల్లాస్. ఆమె కొడుకు, ఐదేళ్లవాడు. కుర్చీ మీద మోకాళ్లతో నిలబడి పాలకూజాలోకి తొంగి చూస్తున్నాడు.

"ఉమ్మలేదు, ముక్కు చీదాడు," అంది సిల్యె. వాడి అక్క, వాడికంటే ఆరేళ్లు పెద్దది. తల ఎత్తకుండా రొట్టెకి వెన్న రాసుకుంటోంది.

"ఛీ," అని కాసేపు ఆలోచించి, "అయితే నాకు రెండు గ్లాసులు కావాలి," అన్నాడు విల్లాస్.

విబెకె భర్త ఎస్బెన్ నవ్వి కూజా అందుకుని పోశాడు. "ముసలాడు ఈ ఏడు బాగా రెచ్చిపోతున్నాడు," అని విబెకె వైపు చూసి, పిల్లలకి కనబడకుండా కన్ను గీటాడు.

ఆమె కూడా నవ్వింది. జేబులో సీసాను పిడికిట్లో బిగించింది.

నిస్సె ఉండేది అటక మీద. జానెడు ముసలాడు, బూడిదరంగు బట్టలు, ఎర్ర టోపీ. డిసెంబరంతా ఇంట్లోవాళ్లను ఆటపట్టిస్తాడు. మేజోళ్లు దీపానికి వేలాడదీస్తాడు, కుర్చీలు తలకిందులు చేస్తాడు, బూట్లు తీసుకెళ్లి ఓవెన్లో పెడతాడు. పండగ నాడు అటక మెట్ల మీద గిన్నెడు బియ్యం జావ, పైన వెన్నముక్క పెడితే తిని శాంతిస్తాడు. వాడి పనులన్నీ ఇన్నేళ్లూ విబెకె చేసేది. ఈ ఏడాది ఆమె ఒక్కటీ చెయ్యలేదు.

చేసినట్టు గుర్తు లేదు.

ఈ రెండు మాటలకీ మధ్య ఎంత దూరం ఉందో కొన్నాళ్లుగా ఆమె కొలుస్తూనే ఉంది. ఒక్కోసారి అది గడపంత. ఒక్కోసారి ఊరి పక్కనున్న సముద్రపు పాయకి, ఆ ఫ్యోర్డ్‌కి ఆ గట్టుకీ ఈ గట్టుకీ ఉన్నంత. ఆమెకి బాగా గుర్తున్నది ఒకటుంది. డిసెంబరు మొదట్లో ఒక సాయంత్రం విల్లాస్ బూటు చేత్తో పట్టుకుని ఓవెన్ తలుపు తెరిచింది. తెరిచి, లోపలి చీకటి చూసి, చెయ్యి రాక మూసేసింది. బూటు మళ్లీ గుమ్మం దగ్గర పెట్టేసింది. ఇది నిజంగా జరిగింది. మరి ఆ తర్వాత మూడో రోజో నాలుగో రోజో పొద్దున బూట్లు ఓవెన్లోనే ఉన్నాయి. విల్లాస్ చప్పట్లు కొట్టాడు. ఎస్బెన్ చేశాడనుకుంది. ఎస్బెన్ మాత్రం ఆమె చేసిందనుకున్నట్టు నవ్వాడు.

అడిగితే పోతుంది కదా అని ఎవరైనా అంటారు. ఈ ఇంట్లో అడగడం కుదరదు. ఎస్బెన్ తల్లి ఎనభై దాటినా ఇప్పటికీ ఒప్పుకోదు, ఆ రోజుల్లో తన కొడుకు బూట్లు ఓవెన్లో పెట్టింది తనేనని. ఆ అలవాటే ఈ ఇంటికీ వచ్చింది. పిల్లలు నిద్రపోయాక, ఇద్దరే ఉన్నప్పుడు కూడా, నిస్సె పని నాదే అని ఎవరూ అనరు. పెళ్లైన కొత్తలో అది ముచ్చటగా ఉండేది. ఇద్దరూ మొహాలు బిగబట్టుకుని, ఎవరు ముందు నవ్వుతారా అని చూసుకునేవాళ్లు. ఇప్పుడా ముచ్చట గోడలా అడ్డం నిలబడింది. కాదు అన్న మాటకి ఈ ఇంట్లో విలువ లేకుండా పోయింది.

అయినా ఆ పొద్దున ప్రయత్నించింది. పిల్లలు పెంపుడు కుందేలుకి మేత వెయ్యడానికి వెళ్లాక, గిన్నెలు కడుగుతూ వెనక్కి తిరగకుండానే అడిగింది.

"ఎస్బెన్, పాలల్లో రంగు కలిపింది నువ్వే కదూ?"

"నేనా? నాకు కాఫీలో పాలు కలుపుకోవడమే రాదు."

"సరదాకి అడగడం లేదు."

"నేనూ సరదాకి చెప్పడం లేదు. అటకెక్కి ముసలాణ్ణే అడుగు." వెనక నుంచి వచ్చి ఆమె తల మీద ముద్దు పెట్టాడు. "మొహంలో ఒక్క గీత కదలదు నీకు. నాటకాల్లో చేరాల్సినదానివి, విబె."

అంటే అతను కాదు. అతను నిజంగానే ఆమే చేసిందనుకుంటున్నాడు. ఆమె చేతుల మీద నీళ్లు పడుతూనే ఉన్నాయి. వేలికొన మీది పచ్చరంగు ఎంత రుద్దినా పూర్తిగా పోలేదు.

వంటింటి తలుపు ఎప్పటిలా బార్లా తెరిచే ఉంది. అది మూసి ఎన్నేళ్లయిందో. రంగు వేసినప్పుడు చట్రానికి అతుక్కుపోయేలా తయారైంది, ఇక మూసే అవసరమూ రాలేదు. దాని కొక్కేలకి పిల్లల వానకోట్లు ఒకదాని మీద ఒకటి వేలాడుతుంటాయి. ఈ ఇంట్లో మాట్లాడిన ప్రతి మాటా ఇంటి చివరిదాకా వినిపిస్తుంది. రహస్యాలు లేని ఇల్లు అని చుట్టాలు మెచ్చుకుంటారు.

ఆమెకి ఒక రహస్యం ఉంది. నెల కిందట కళ్లజోడు కోసం ఇల్లంతా వెతికింది. రెండు రోజుల తర్వాత ఫ్రీజర్లో, బఠాణీల సంచి కింద దొరికింది. తీసి పెట్టుకుంటే చల్లటి ఇనుప తీగ చెవుల వెనక కాలినట్టు తగిలింది. అప్పుడు ఇంట్లో ఎవరూ లేరు. ఒక్కతే నిలబడి గట్టిగా నవ్వింది. ఎవరికీ చెప్పలేదు.

అమ్మ విషయంలోనూ మొదట అందరూ నవ్వారు. ఆ డిసెంబరుకి విబెకె చదువుకునే ఊరి నుంచి సెలవులకి వచ్చింది. ఇంట్లో చిన్నపిల్లలు లేరు, అయినా ఇస్త్రీ పెట్టె ఫ్రిజ్‌లో ఉంది. రేడియో మీద పచ్చి చేప ఉంది. నాన్న పొట్ట పట్టుకుని నవ్వి, "మన నిస్సెకి ముసలితనంలో పిచ్చెక్కింది," అన్నాడు. అమ్మ కూడా నవ్వింది, అందరికంటే కొంచెం ఆలస్యంగా. తను ఎంత నవ్విందో విబెకెకి ఇప్పటికీ గుర్తు. పండగ వెళ్లింది. ఎర్ర టోపీల బొమ్మలన్నీ అట్టపెట్టెలోకి వెళ్లాయి. జనవరిలో అమ్మ పర్సు పిండిడబ్బాలో దొరికింది. అప్పుడు ఎవరూ నవ్వలేదు. అప్పటికి అమ్మ, ఇప్పటి విబెకెకంటే రెండేళ్లే పెద్ద.

ఓవెన్ తలుపు తెరిచినప్పుడు చెయ్యి రాకపోవడానికి కారణం అదే. నిస్సె పనులకీ ఆ మతిమరుపు జబ్బు పనులకీ తేడా ఏమీ లేదు. రెండూ ఒకేలా ఉంటాయి. ఒకటి చూసి నవ్వుతారు, అంతే.

మధ్యాహ్నం మూడు గంటలకే చీకటి పడి దీపాలు వెయ్యాల్సి వచ్చింది. భోజనాల బల్ల సగం ఎస్బెన్ ఆక్రమించాడు. ప్రతి సెలవులకీ అతను అగ్గిపుల్లలతో కట్టే ఫెర్రీ పడవ ఈసారి పొగగొట్టం దాకా వచ్చింది. వారం కిందట నిస్సె ఆ ఫెర్రీ నిండా ఎండుద్రాక్షల్ని ప్రయాణికుల్లా కూర్చోబెట్టాడు. ఎస్బెన్ వాటిని తియ్యలేదు. ఒక్కొక్కటి తింటూ, "ఈయన దిగాల్సిన రేవు వచ్చింది," అంటున్నాడు.

మిగిలిన సగంలో విబెకె, సిల్యె కాగితం నక్షత్రాలు అల్లుతున్నారు. పొడుగాటి నాలుగు పట్టీలు మధ్యకి మడిచి, ఒకదానిలో ఒకటి దూర్చి, చుట్టూ మొనలు తేల్చాలి. బల్ల కింద కుందేలు కాగితం ముక్కలు నములుతోంది. దాని ఒళ్లు సరిగ్గా మరిగిన జావ రంగులో ఉంటుందని విల్లాస్ దానికి జావ అని పేరు పెట్టాడు.

ఈ నక్షత్రం విబెకె అమ్మ దగ్గర నేర్చుకుంది. కళ్లు మూసుకుని కూడా అల్లగలదు. రేడియో వింటూ, పిల్లల తగువులు తీరుస్తూ అల్లుతుంది. చేతులకి తెలిసిన పని, తలకి దానితో సంబంధం లేదు. ఆ సాయంత్రం మూడోదో నాలుగోదో అల్లుతూండగా చేతులు ఆగాయి.

ఆగిన సంగతి ముందు ఆమెకి తెలియలేదు. ఎవరో తన చేతులు చూస్తున్నారనిపించింది. ఆ ఎవరో తనే. కుడిచేతి వేళ్ల మధ్య తెల్లపట్టీ ఒకటి నిలబడి ఉంది. అది ఎటు వెళ్లాలి? వెనక్కా, పక్కకా? ఎన్ని వందలసార్లు వెళ్లిన దారి. అక్కడ దారి లేదు. తెల్ల కాగితం మాత్రం ఉంది. వేళ్లు కదిలితే వాటంతటవే వెళ్లిపోతాయేమో, ఆలోచించకూడదు, ఆలోచిస్తేనే పోతుంది అనుకుంది. వేళ్లు కదల్లేదు.

"అమ్మా?"

"ఊఁ."

"ఇక్కడ వెనక్కి మడిచి, మెలితిప్పి, ఈ కిందనుంచి దూర్చాలి కదా." సిల్యె చెయ్యి చాచి, పట్టీని ఆమె వేళ్ల మధ్యనుంచి మెల్లగా తీసుకుని దూర్చింది. మొన తేలింది.

"తెలుసు. నీకు గుర్తుందో లేదో చూద్దామని ఆగాను."

ఆ మాట నోట్లోంచి వచ్చాక దాన్ని ఎక్కడ విన్నదో గుర్తొచ్చింది. ఇలాంటి సాయంత్రమే. ఇలాంటి బల్ల దగ్గరే. అమ్మ చేతుల్లో సగం అల్లిన ఎర్ర నక్షత్రం, విబెకె చెయ్యి చాచి సాయం చెయ్యడం, అమ్మ నవ్వి ఇవే మాటలు ఇదే వరసలో అనడం. అప్పుడు విబెకె నమ్మింది. సిల్యె నమ్మిందో లేదో ఆమెకి తెలియలేదు. ఆ పిల్ల తల వంచుకుని తన పట్టీలు సర్దుకుంటోంది. కాసేపయ్యాక, "నీకు అలసటగా ఉందామ్మా?" అని మాత్రం అడిగింది.

"పండగ పనులు కదా."

"నేను చేస్తాలే," అంది సిల్యె. ఏం చేస్తానంటోందో చెప్పలేదు.

మర్నాడు పొద్దున విబెకె అందరికంటే ముందు లేచి వంటింట్లోకి వచ్చింది. కిటికీ బయట ఇంకా చిక్కటి చీకటి. ఈ మధ్య లేవగానే ఇల్లంతా ఒకసారి చూసుకోవడం అలవాటైంది. ఏదైనా స్థానం మారిందా, మారితే మార్చింది ఎవరు అని. స్టవ్ ఆర్పే ఉంది. ఓవెన్ ఖాళీ. ఫ్రీజర్లో బఠాణీలే ఉన్నాయి. ఊపిరి వదిలి రోజుల కొవ్వొత్తి వెలిగించింది. రోజుకో అంకె చొప్పున కాలుస్తూ పండగ దాకా వచ్చే కొవ్వొత్తి. ఇంకా రెండు అంకెలే మిగిలాయి. పిల్లలు దాన్ని మట్టిముద్దలో గుచ్చి, చుట్టూ ఫర్ చెట్టు రెమ్మలు, నాచు, కాయలు అమర్చారు. పక్కనే నిన్న అల్లిన నక్షత్రాల కుప్ప ఉంది. దాని పక్కన, పారబోయడానికి వీల్లేదని విల్లాస్ పట్టుబట్టి దాచిన పచ్చపాల కూజా. అంకె కాలిపోగానే ఆర్పెయ్యాలి అనుకుంది. అనుకున్నట్టు బాగా గుర్తుంది.

ఎస్బెన్ వెనకవైపు కట్టెల కొట్టులోంచి పండగ చెట్టు నిలబెట్టే పీట తెచ్చి హాల్లో పెట్టాడు. చెట్టు ఇంకా బయట, వెనక అరుగు మీదే పడుకుని ఉంది. సాయంత్రం దాన్ని లోపలికి తెచ్చి అలంకరించాలి. సిల్యె దిగివచ్చి ఎందుకో తనలో తను నవ్వుకుంటూ కూర్చుంది. అప్పుడు విల్లాస్ బట్టలుతికే గదిలోంచి పరుగెత్తుకొచ్చాడు. వాడి చేతిలో ఒక బంగాళాదుంప, దానికి ఎర్రకాగితం టోపీ.

"నాన్నా, జావ బంగాళాదుంప అయిపోయింది. బోన్లో ఇదే ఉంది."

"అయ్యో. అయితే ఉడకబెట్టి తినెయ్యాలి," అన్నాడు ఎస్బెన్.

"తినొద్దు. దీనికి ప్రాణం ఉంది."

"అసలు జావ ఎక్కడుంది మరి?" అని ఎస్బెన్ మళ్లీ విబెకె వైపు చూసి కన్ను గీటాడు. ఆమెకి ఏమీ తెలియదు. తెలియదని ఆ చూపుతో చెప్పడానికి వీల్లేదు.

"నిస్సె దానికి పండగ స్నానం చేయిస్తున్నాడేమో," అంది సిల్యె.

విల్లాస్ స్నానాలగదికి పరుగెత్తాడు. వెనకే అందరూ వెళ్లారు. తొట్టిలో ఎండుగడ్డి పరిచి ఉంది. ఒక కేరట్, పక్కన చిన్న తువ్వాలు. కుందేలు లేదు.

సిల్యె మొహంలో నవ్వు ఆగిపోయింది. "తలుపు వేసి ఉంది కదా," అంది ఎవరితోనో.

"నేను పాస్‌కి వచ్చా," అన్నాడు విల్లాస్. "కళ్లు మూసుకుని వచ్చా. లైటు వెయ్యలేదు."

నడవలోంచి చల్లగాలి వస్తోంది. వెనకతలుపు వేలెడంత తెరిచి ఉంది. పీట తెస్తూ భుజంతో తోసి సరిగ్గా మూశాననుకున్నానని ఎస్బెన్ గొణిగాడు. కానీ విబెకెకి ఆ మాట సగమే వినబడింది. ఆమె గడ్డి వైపు చూస్తోంది. దీన్ని ఇంత శుభ్రంగా ఎవరు పరిచారు? తువ్వాలు నాలుగు మడతలు పెట్టి ఉంది, సరిగ్గా ఆమె పెట్టే మడత. తను తెల్లవారుజామున లేచి, ఈ చేతులతో ఆ వెచ్చటి ప్రాణిని బోనులోంచి తీసి, ఇక్కడిదాకా మోసుకొచ్చి ఉంటుందా? అలా మోసిన మనిషి ఎవరు? ఆ మనిషి మిగతావేళల్లో ఏం చేస్తుంది? పిల్లలు నిద్రపోయే గదుల్లోకి వెళ్తుందా?

బయట గడ్డి మంచుతో బిగుసుకుపోయి అడుగేస్తే చిటపటమంటోంది. మొన్ననే పక్కింటివాళ్ల కోడిని నక్క ఎత్తుకుపోయింది. ఎస్బెన్ టార్చి పట్టుకుని కంచె వెంట నడిచాడు. విల్లాస్ పైజామా మీద కోటు వేసుకుని, కేరట్ ముందుకి చాపుకుని, "జావా, జావా," అని ఏడుపు గొంతుతో పిలుస్తున్నాడు. విబెకె పొదల కింద చేతులు పెట్టి తడిమింది. చలికి వేళ్లు తిమ్మిరెక్కాయి. ఒక చోట మెత్తగా తగిలింది. పట్టుకుని లాగితే అది ఎప్పటిదో విల్లాస్ చేతితొడుగు. ఎంత సేపు వెతికారో తెలియలేదు. చీకటి పలచబడి చెట్లు బూడిదరంగులో తేలాయి.

అప్పుడు గమనించింది, సిల్యె కనబడటం లేదని.

కొట్టులో ఉంది. కట్టెల మీద కూర్చుని, మోకాళ్లలో మొహం పెట్టుకుని, చప్పుడు కాకుండా ఏడుస్తోంది.

"సిల్యె. ఏమైంది తల్లీ? దొరుకుతుందిలే."

"నేనే," అంది ఆ పిల్ల మొహం ఎత్తకుండా. "నేనే పెట్టాను దాన్ని తొట్టిలో. నేనే చంపేశాను."

"నువ్వా?"

"అన్నీ నేనే. బూట్లు, కుర్చీలు, ఎండుద్రాక్షలు, పాలు. నిస్సె లేడని నాకు పోయినేడే తెలుసు. ఈసారి డిసెంబరు వచ్చినా నువ్వేమీ చెయ్యలేదు. మర్చిపోయావనుకున్నా. విల్లాస్ రోజూ లేచి వెతుక్కునేవాడు, ఏమీ లేకపోతే, నిస్సెకి మనమంటే ఇష్టం లేదా అని నన్నే అడిగేవాడు. ఏం చెప్పను?"

"మరి సీసా నా జేబులో..."

"చలేసి నీ కోటు వేసుకున్నా. తీయడం మర్చిపోయా. కోప్పడకమ్మా."

విబెకె ఆ కట్టెల మీదే కూర్చుంది. గొంతులోంచి వచ్చింది నవ్వో ఏడుపో ఆమెకే తెలియలేదు. పిల్ల తలని ఒళ్లోకి లాక్కుంది. బూట్లు తను కాదు. పాలు తను కాదు. రాత్రుళ్లు ఈ ఇంట్లో తిరిగిన రెండో మనిషి ఈ పదకొండేళ్ల పిల్ల. ఎంత చిన్న సంగతి. ఇన్నాళ్లూ ఒక్క ప్రశ్న దూరంలో ఉన్న సంగతి. ఒంట్లో ఏదో బిగిసినది వదులవుతోంది. అలా వదులవుతూనే ఇంకో చోట పట్టుకుంది.

"కళ్లజోడు కూడా నువ్వేనా? ఫ్రీజర్లో పెట్టింది?"

సిల్యె తల ఎత్తింది. తడి కళ్లతోనే కొంచెం నవ్వొచ్చింది దానికి. "ఫ్రీజర్లోనా? అది ఎవరు చేశారు, నాన్న చేశాడా? భలే ఉంది. నాకు తట్టలేదు."

విబెకె పిల్ల జుట్టు సవరించింది. నిన్నటి తెల్లకాగితం పట్టీ కళ్లముందు నిలబడింది. దాన్ని ఎవరూ దాచలేదు, మార్చలేదు. అది ఆమె వేళ్ల మధ్యే ఉంది.

"దొరికింది," అని ఎస్బెన్ అరుగు మీంచి కేకేశాడు. "దొంగముండ. మనం ఊరంతా తిరుగుతుంటే ఇది ఇక్కడ చెట్టు కింద పడుకుని పండగ చేసుకుంటోంది."

అరుగు మీద పడుకోబెట్టిన ఫర్ చెట్టు కొమ్మల మధ్యనుంచి జావ ముక్కు కదుపుతూ చూస్తోంది. దగ్గర్లో ఉన్న రెమ్మలన్నీ కొరికేసింది. విల్లాస్ దాన్ని గట్టిగా హత్తుకుని, "నీకు కేరట్ ఇవ్వను," అని ఇచ్చేశాడు. సిల్యె తండ్రి దగ్గరికి వెళ్లి నిలబడింది. తమ్ముడికి వినబడకుండా ఏదో చెప్పింది. ఎస్బెన్ ఆ పిల్ల వైపు చూసి, తర్వాత విబెకె వైపు చాలాసేపు చూశాడు.

"అంటే... నువ్వు కాదా?" అన్నాడు.

ఆమె తల అడ్డంగా ఊపింది.

గుమ్మంలోకి అడుగు పెట్టగానే వాసన తగిలింది. బంకతో కూడిన తియ్యటి పొగవాసన. అడవిలో అయితే బాగుంటుంది. వంటింటి బల్ల మీద కొవ్వొత్తి లేదు. అంకెలన్నీ కాలిపోయి, మట్టిముద్ద మీద చిన్న గుంటలా మిగిలింది. ఆ గుంటలోంచి మంట ఫర్ రెమ్మ మీదికి పాకి, చిటచిటమంటూ పక్కన ఉన్న నక్షత్రాల్ని అందుకుంటోంది. ఒక నక్షత్రం మొనలు నల్లబడి లోపలికి ముడుచుకుంటున్నాయి. బల్లగుడ్డ అంచు గోధుమరంగుకి తిరిగింది.

ఎస్బెన్ చేతికి అందింది పాలకూజా. మొత్తం కుమ్మరించాడు. మంట బుస్సుమని ఆరింది. పచ్చటి పాలు బల్ల మీంచి ధారగా నేలమీదికి కారాయి. వాటిలో నక్షత్రాలు తేలుతున్నాయి.

అప్పుడు విల్లాస్ పెదవి వణకడం చూసి ఎస్బెన్ గొంతు సవరించుకున్నాడు.

"చూశావా మన ముసలాణ్ణి? కొవ్వొత్తి వెలిగించాడు, ఆర్పడం మర్చిపోయాడు."

విల్లాస్ నవ్వాడు. "వాడికి బుర్ర లేదు."

"ముసలాడు కదా."

"అమ్మా, ఇది నేను కాదు," అని సిల్యె గుసగుసలాడింది.

"తెలుసు," అంది విబెకె.

ఎస్బెన్ ఈసారి కన్ను గీటలేదు. కూజా ఇంకా అతని చేతిలోనే ఉంది. విబెకెకి వినిపించింది మాత్రం అతని గొంతు కాదు. పొట్ట పట్టుకుని నవ్విన నాన్న గొంతు. నాన్నకి అప్పటికే తెలుసేమో. మొదటి రోజునుంచే తెలుసేమో. అంత గట్టిగా నవ్వింది అందుకేనేమో. అమ్మ ఆ నవ్వు మధ్యలో నిలబడి, ఎవరైనా నవ్వకుండా తన వైపు చూస్తారేమోనని ఒక్కొక్కరి మొహమే చూసింది. విబెకె మొహం కూడా చూసింది.

కుందేలు కోసం అందరం పరుగెత్తాం, అందరం మర్చిపోయాం. ఎవరికైనా జరుగుతుంది. ఆ మాట నిజం. ఆమె ఆ మాటని ఎన్నిసార్లైనా చెప్పుకోగలదు. కళ్లజోడుకీ ఒక కారణం చెప్పుకోగలదు, బఠాణీలు తీస్తూ మరో చేత్తో పెట్టేసి ఉంటుంది. నక్షత్రానికీ చెప్పుకోగలదు, అలసట. ప్రతిదానికీ ఒక కారణం ఉంటుంది. కారణాలన్నీ విడివిడిగా బాగానే ఉంటాయి. ఎర్ర టోపీలు పెట్టెలోకి వెళ్లేదాకా అలా గడపొచ్చు. జనవరి దాకా.

"సిల్యె, జావకి ఒళ్లు తుడువు. తడిసిపోయింది," అంది. "విల్లాస్, నువ్వు చిన్న తువ్వాలు తీసుకురా. పైగదిలో తుడవండి, అక్కడ వెచ్చగా ఉంటుంది."

పిల్లలు వెళ్లారు. వాళ్ల అడుగులు మెట్ల మీద, తర్వాత పైగదిలో వినిపించాయి. ఎస్బెన్ గుడ్డ తీసి నేలమీది పాలు తుడవడానికి వంగాడు.

"అది ఉండనీ," అంది విబెకె.

"మరకలు పడతాయి విబె."

"పడనీ. కూర్చో."

అతను గుడ్డ పట్టుకునే కూర్చున్నాడు. ఆమె పాలలోంచి ఒక నక్షత్రాన్ని తీసింది. సిల్యె పూర్తి చేసిన నక్షత్రం అది, ఒక పక్క నల్లబడింది. దాన్ని అతని ముందు బల్ల మీద పెట్టింది. తర్వాత వంటింటి తలుపు దగ్గరికి వెళ్లింది. కొక్కేల మీంచి వానకోట్లు ఒక్కొక్కటే తీసి కుర్చీ మీద వేసింది. ఎర్రది, నీలంది, విల్లాస్‌కి ఎప్పుడో పొట్టిదైపోయిన పసుప్పచ్చది. పైన విల్లాస్ ఏదో అడుగుతున్నాడు, సిల్యె ఏదో చెబుతోంది. తలుపు తోస్తే సగం దూరం వచ్చి రంగు దగ్గర పట్టేసింది. భుజం ఆనించి, బలమంతా పెట్టి, మూసింది.